గోడ వైపు తిరిగి

తవిటమ్మ డబ్బు పోవడానికి కారణం నా చేతిరాత. పద్దెనిమిది వేల అయిదు వందల రూపాయలు, నాలుగు విడతలుగా, పదకొండు రోజుల్లో పోయాయి. తీసినవాడు ఆమె మరిది గున్నయ్య. వాడికి ఏటీఎం కార్డు బియ్యం డబ్బాలో దొరికింది. కార్డు తొడుగు లోపలివైపు పిన్ నంబరు దొరికింది, నీలం సిరాతో, గుండ్రటి అంకెల్లో, ఎవరైనా చదవగలిగేంత శుభ్రంగా. ఆ అంకెలు రాసింది నేను.

ఇది జరిగి పదకొండేళ్ళయింది. అప్పటికి నాకు నలభై ఒకటి. జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పడం మానేసి మాణిక్యాంబ గారి దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆవిడ ఒక బ్యాంకులో ముప్పయ్యొక్క ఏళ్ళు చేసి, హెడ్ క్యాషియరుగా రిటైరయ్యారు. పలాస దగ్గర మా చిన్న ఊళ్ళో గ్రంథాలయం వరండాలో ఒక బల్ల వేసుకుని, సోమవారం, గురువారం పది నుంచి ఒంటిగంట దాకా కూర్చునేవారు. బ్యాంకు సంగతులు తెలియనివాళ్ళు వచ్చి అడిగేవారు. నామినీగా పేరు రాయిస్తే డబ్బంతా ఆ మనిషికే చెందుతుందా? రెండేళ్ళుగా ముట్టుకోని ఖాతా ఇంకా బతికే ఉంటుందా? పోయినాయన ఖాతాలో గ్యాసు డబ్బులు పడుతున్నాయి, తీసుకోవచ్చా? ఫీజు లేదు. పక్కనే ఒక కుర్చీ ఖాళీగా ఉండేది, దాంట్లో నేను చేరాను.

ఆవిడకు ఒక అలవాటుండేది. ప్రశ్న వినగానే జవాబు చెప్పేవారు కాదు. అడిగిన మనిషి చేతుల వైపు కాసేపు చూసేవారు. క్యాషు కౌంటరు కిటికీలోంచి ముప్పయ్యొక్క ఏళ్ళు ఆవిడకు అందరికన్నా ముందు కనపడింది చేతులే. తర్వాత ఒక ఎదురుప్రశ్న వేసేవారు, చాలాసార్లు బ్యాంకుతో సంబంధం లేనిది. నాకు ఇది కాలహరణం అనిపించేది. వరసలో పదిమంది నిలబడి ఉంటే, ఏ ఫారం నింపాలో చెప్పి పంపకుండా, ఈ చేతులు చూడటమేమిటని నా విసుగు. నేను చకచకా పని తెమిల్చేదాన్ని. నా వైపు వరస ఎప్పుడూ పొట్టిగా ఉండేది, ఆ సంగతి నాకు గర్వంగా కూడా ఉండేది.

తవిటమ్మ నా వరసలోనే వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా జీడిబట్టీలో పిక్కలు కొట్టే పని. జీడితొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా ఏళ్ళ తరబడి అది తన పని తాను చేస్తుంది. ఆమె అరచేతులు నల్లగా, పొరలు పొరలుగా ఉండేవి. వేళ్ళ మీద గీతలన్నీ చెరిగిపోయాయి. వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకునే మెషిను మీద పదివేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టినా, అది ఆమెను మనిషిగా ఒప్పుకోలేదు. ఆస్పత్రిలో డాక్టరు ఈ పని మానెయ్యమన్నాడు. మానేసి ఏం తినాలో అతను చెప్పలేదు గానీ ఆమే ఆలోచించుకుంది. రైలు గేటు దగ్గర టిఫిను బండి పెడుతుంది. పాత బండి, స్టవ్వు, గిన్నెలతో సహా ఇరవై రెండు వేలకు దొరుకుతుంది. అందుకోసం మూడేళ్ళుగా కూడబెడుతోంది.

వేలిముద్ర పడదు కాబట్టి కార్డు తీసుకోమన్నాను. కార్డు వచ్చింది. ఆ రోజుల్లో పిన్ నంబరు వేరే కవరులో, అంటించి వచ్చేది. ఆమె కవరు తెచ్చి నా ముందు పెట్టి, "నాకు సదువు రాదమ్మా" అంది. నేను చింపాను, చదివాను, కార్డు తొడుగు లోపల రాసిచ్చాను. "ఇది ఎవరికీ చూపించకు" అని గట్టిగా చెప్పాను కూడా. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు.

నెల తర్వాత ఒక గురువారం ఆమె వచ్చి, వరసలో నిలబడకుండా తిన్నగా నా ఎదురుగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది.

"నీ దస్తూరీ ఎంత ముచ్చటగా ఉన్నాదమ్మా!" అంది. "మా మరిది నాలుగో తరగతిలోనే బడి మానేసినోడు. ఆడికి కూడా అరిదమయిపోయింది."

ఆ డబ్బు గున్నయ్య మోటారు సైకిలుకి మొదటి వాయిదాగా కట్టాడు. బండి వాళ్ళ ఇంటి ముందే ఉంది, పసుపు బొట్లతో, నిమ్మకాయతో. పోలీసుల దాకా వెళ్ళడానికి తవిటమ్మ ఒప్పుకోలేదు. పిన్ కొట్టి తీసిన డబ్బుకి తమ పూచీ లేదని బ్యాంకు చెప్పింది. న్యాయంగా చూస్తే వాళ్ళు చెప్పింది తప్పూ కాదు. ఖాతాలో అయిదు వందల నలభై మిగిలాయి.

ఆ డబ్బు నేనిస్తానన్నాను. తవిటమ్మ తల అడ్డంగా ఊపింది.

"సగం ఇయ్యి. రాసింది నువ్వు. బియ్యం డబ్బాలో దాసింది నాను."

"నాది కదమ్మా తప్పు? మొత్తం తీసుకో."

"నా పాలు తప్పు నీకెందుకు ఇవ్వాల?" అంది కోపంగా. తొమ్మిది వేల రెండు వందల యాభై లెక్కపెట్టి తీసుకుని, మిగతాది బల్ల మీద నా వైపు తోసేసింది.

ఆమె వెళ్ళాక వరండా ఖాళీ అయింది. మాణిక్యాంబ గారు తన ముందున్న ఫారాలు సర్దుకుంటున్నారు. తిట్టినా బాగుండేది. నాకు తప్పు చేశానన్న బాధ కంటే, తప్పు చేసి పట్టుబడ్డానన్న ఉక్రోషం ఎక్కువగా ఉంది. ఆవిడ అడగకుండానే నేను అడిగేశాను.

"చదువు రాని మనిషి మేడం. పిన్ ఎవరికీ చెప్పకూడదని రూలు. చదివి చెప్పేవాళ్ళు లేకపోతే ఆమెకు తెలిసే దారి లేదు. నేను రాసివ్వకపోతే ఇంకెవరు రాసిస్తారు? అలాంటివాళ్ళకి సాయం చెయ్యడం ఎలాగో మీరే చెప్పండి."

ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు.

"కొత్త కార్డుకి అర్జీ పెట్టించు. కవరు వచ్చాక ఆమెను ఇక్కడికి రమ్మను. నువ్వు చింపకు," అన్నారు. నా ప్రశ్నకు ఆ రోజు దొరికిన జవాబు అంతే.

మూడు వారాలకు కార్డూ కవరూ వచ్చాయి. తవిటమ్మ మధ్యాహ్నం పని వదిలి వచ్చింది, మోచేతుల దాకా బూడిదతో. కవరు బల్ల మీద పెట్టింది గానీ చెయ్యి దాని మీద నుంచి తియ్యలేదు. నన్ను చూడలేదు. మాణిక్యాంబ గారు కవరు వైపు చూడకుండా ఆమె చేతుల వైపు చూశారు. ఎప్పటిలాగే సంబంధం లేని ప్రశ్న వేశారు.

"నిన్న నీ పప్పు ఎంత తూగింది తవిటమ్మా?"

"ఆరు కిలోల నాలుగొందలు."

"ఎవరు చెప్పారు?"

తవిటమ్మకు నవ్వొచ్చింది. "ఎవుడో సెప్తే నమ్ముతానేటమ్మా? గుమస్తా ఆరు కిలోల వందే అన్నాడు. కాంటా మీద ఎర్రంకెలు ఎలుగుతాయి కదా, అక్కడ నానే సూసుకుంతాను. 'నీ కళ్ళు బట్టీలో కాలిపోనాయేటి, మళ్ళీ సూడు' అన్నాను."

"మొన్న?"

"అయిదు తొమ్మిదొందల ఏబై. అటు మొన్న ఆరు సున్నా ఏబై. ఆ రోజు వాన, పిక్క మెత్తగున్నాది." ఆమె ఆగింది. "ఎందుకమ్మా?"

మాణిక్యాంబ గారు ఆమె చేతుల వైపే చూస్తున్నారు. నా వైపు చూడను కూడా లేదు. కానీ నాకు చెవులు వేడెక్కాయి. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషి ఇరవై రెండేళ్ళుగా రోజూ కాంటా మీద అంకెలు చదువుకుంటోంది. గుమస్తా నొక్కేసే మూడు వందల గ్రాములను గొంతు పట్టుకుని వెనక్కి లాగుతోంది. నేను చేసిందల్లా, ఆమె "సదువు రాదు" అంటే, ఏ చదువు అని అడక్కపోవడం. ఆమెకు రానివి అక్షరాలు. అక్షరాలు రానివాళ్ళకు అంకెలు కూడా రావని నిర్ణయించుకున్నది నేను.

"ఆ కవరులో ఒక తూకం ఉంది," అన్నారు మాణిక్యాంబ గారు. "ఎవరికీ చెప్పని తూకం. రా, వెళ్దాం."

ఏటీఎం గది గ్రంథాలయానికి ఎదురుగానే, రోడ్డు దాటితే. లోపల మెషిను దగ్గర మాణిక్యాంబ గారు ఆగి, కార్డు ఎలా పెట్టాలో, ఏ మీట ఎందుకో చూపించారు. అంకె తప్పు కొడితే మూడోసారికి కార్డు ఆగిపోతుందని కూడా చెప్పారు. ఇక ఏ భాషలో అని మెషిను అడిగినప్పుడు తెలుగు మీట నొక్కించి, రెండడుగులు వెనక్కి వేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డారు. వీపు మాత్రమే కనపడేలా, బడిపిల్ల నిలబడ్డట్టు నిటారుగా.

తవిటమ్మ కవరు చింపిన చప్పుడు వినపడింది. నా కళ్ళు వాటంతట అవే కాగితం మీదకు వెళ్ళాయి. దొంగబుద్ధితో కాదు, సాయం చేసే బుద్ధితోనే. మాణిక్యాంబ గారు వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి, నా భుజం పట్టుకుని, నన్ను కూడా గోడ వైపు తిప్పేశారు.

"ఇదేటమ్మా! బడిలో తన్నులు తిన్నోళ్ళనాగ ఇద్దరూ అలాగ నిలబడ్డారు!" అని తవిటమ్మ కిసుక్కున నవ్వింది. మాణిక్యాంబ గారు నవ్వలేదు. మా ముందు గోడ మీద నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు వేలాడుతోంది. ఆవిడ దాన్నే చూస్తున్నారు.

వెనక మీటల చప్పుడు వినపడింది. నాలుగు. తర్వాత ఒక పొడుగాటి కూత.

"తిట్టిందమ్మా," అంది తవిటమ్మ.

తప్పు పడింది. నా మడమ తిరగబోయింది. మాణిక్యాంబ గారి చెయ్యి నా మణికట్టు మీద పడింది, గట్టిగా.

"మళ్ళీ చూసుకో. తొందర లేదు," అన్నారు.

మళ్ళీ నాలుగు చప్పుళ్ళు. మళ్ళీ కూత. ఇంకొక్కసారి తప్పయితే కార్డు ఆగిపోతుంది. మళ్ళీ అర్జీ, మళ్ళీ మూడు వారాలు. అంతకంటే ముఖ్యం, తవిటమ్మ మళ్ళీ ఈ గదిలోకి అడుగు పెట్టదు. ఇకమీదట దాచుకునే ప్రతి రూపాయీ ఆ ఇంట్లో, ఆ మోటారు సైకిలు పక్కనే, ఏదో డబ్బాలో ఉంటుంది. ఇదంతా నాకు ఆ గోడ మీద రాసినట్టు కనపడింది. నా భుజం మీదుగా నల్లటి చెయ్యి ఒకటి ముందుకు వచ్చింది. అందులో కాగితం.

"ఒక్కపాలి సూసి సెప్పండమ్మా. ఒక్కపాలే. నానెవుల్నీ ఏటీ అనను."

నాకు కాగితం అందుకోవాలనిపించింది. అప్పుడు అందుకోకపోవడం కంటే కష్టమైన పని నేను అంతకు ముందు చేసిన గుర్తు లేదు. మాణిక్యాంబ గారు కళ్ళు మూసుకుని, గోడతోనే మాట్లాడుతున్నట్టు అడిగారు.

"తవిటమ్మా, కాంటా మీద తూకం అనుమానంగా ఉంటే ఏం చేస్తావు?"

తవిటమ్మ మెల్లగా అంది, "తట్ట దింపించేస్తాను. కాంటా సున్నా సేయిస్తాను. మళ్ళీ ఎక్కిస్తాను."

"అయితే అదే చెయ్యి."

చెయ్యి వెనక్కి వెళ్ళింది. కార్డు బయటకు వచ్చిన శబ్దం. చీరకు చేతులు తుడుచుకున్న శబ్దం. రోడ్డు మీద జీడిపిక్కల లారీ ఒకటి వెనక్కి నడుస్తూ అరుస్తోంది. తవిటమ్మ తనలో తను గొణుక్కుంటోంది. కిలోలు, వందలు అన్న మాటలు నా చెవిన పడగానే మాణిక్యాంబ గారు గట్టిగా దగ్గారు, ఆ దగ్గులో మిగతాది మునిగిపోయేలాగ.

కార్డు లోపలికి వెళ్ళింది. ఒకటి. రెండు. మూడు. చాలాసేపటికి నాలుగు.

కూత రాలేదు. వందకి మరో మూడు మీటలు నొక్కిన చప్పుడు. మెషిను లోపల నోట్లు గరగరమని తిరిగాయి.

"ఇచ్చిందమ్మా!" తవిటమ్మ అరుపుకి కాపలా ముసలాయన తలుపు తీసి చూశాడు. ఆమె వంద రూపాయల నోటుని రెండు చేతులతో పట్టుకుని ఉంది. "వేలు పెడితే కాదన్నాది. ఇప్పుడు ఔనన్నాది!"

"నంబరు మర్చిపోతేనో?" అన్నాను నేను. నాకు ఇంకా బుద్ధి రాలేదు.

ఆమె నా వైపు చూసింది, ఆ రోజు మొదటిసారిగా. "పోయిన ఏడు దసరా వారంలో నా తూకాలు సెప్పమంతావేటి? రోజుకొకటి సెప్తాను. ఇది ఒక్కటే కదా!" కాగితం నలిపి రవికలో దోపుకుంది. "దీన్ని బట్టీలో పడేత్తాను. జీడితొక్క మంటలో పడిందేదీ మిగల్దు. మా మరిదికి బూడిద సదవడం రాదు."

తిరిగి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాం. నా ప్రశ్నకు జవాబు వచ్చిందో లేదో నాకే తెలియడం లేదు. ఏదో ఒకటి ఆవిడ నోటితో చెబితే రాసుకుందామని ఉంది. కామర్సు చెప్పిన అలవాటు.

"మేడం, అంతసేపూ గోడ వైపు నిలబడి ఏం ఆలోచించారు?"

"ఆలోచించడానికేముంది?" అన్నారు, తర్వాతి మనిషిని రమ్మని సైగ చేస్తూ. "ఆ ఎర్ర సిలిండరుకి గడువు ఫిబ్రవరితో అయిపోయింది. ఎవరూ చూసుకోలేదు. మేనేజరుకి చెప్పాలి."

తవిటమ్మ పది నెలల తర్వాత బండి కొంది. రైలు గేటు పడినప్పుడల్లా ఆమె ఇడ్లీలకు గిరాకీ. చేతులు పూర్తిగా బాగుపడలేదు, పడవు కూడా. నేను వెళ్తే డబ్బు తీసుకుంటుంది, పైగా ఒక ఇడ్లీ ఎక్కువ వేస్తుంది. మేమిద్దరం ఎవరి పాలు తప్పు వాళ్ళం వదులుకోలేదు.

ఆ రోజు నుంచి నేను ఎవరి నంబరూ చూడలేదు, వినలేదు, రాయలేదు. ఎవరైనా చూడమని బతిమాలితే, తప్పుగా కొడుతుంటే, వెనక వరస పెరిగి జనం నా మీద విసుక్కుంటుంటే, గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నా వైపు వరస ఇప్పుడు పొట్టిగా ఉండదు.

పోయిన నెలలో మాణిక్యాంబ గారు పింఛను తీసుకోవడానికి నన్ను తోడు రమ్మన్నారు. ఆవిడకు ఎనభై దగ్గర పడుతోంది. ఒక కంటికి శుక్లాలు తీయించారు, రెండోది ఇంకా అవ్వలేదు. అదే గది. మెషిను మారింది, గోడకు రంగు మారింది, ఎర్ర సిలిండరు మాత్రం అక్కడే వేలాడుతోంది. నేను కార్డు పెట్టే చోటు ఆవిడకు చూపించి, రెండడుగులు వెనక్కి వేసి తిరిగి నిలబడ్డాను. మీట చప్పుడు. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత పొడుగాటి కూత.

"మసగ్గా ఉందే హైమా," అన్నారు. ఆ గొంతులో అంతటి అలసట నేను ఎప్పుడూ వినలేదు. "నంబరు చెప్తాను. నువ్వు నొక్కేద్దూ."

నేను తిరగలేదు.

"మధ్యలో అయిదు మీద చిన్న బొడిపె ఉంటుంది మేడం. వేలితో తడిమి చూడండి. అక్కడ నుంచి మిగతావి దొరుకుతాయి. తొందర లేదు."

వెనక ఆవిడ వేళ్ళు మీటల మీద పాకుతున్న శబ్దం. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నోట్లు తిరిగాయి. ఆవిడ వాటిని లెక్కపెట్టుకున్నారు, కళ్ళతో కాదు, బొటనవేలితో, పాత క్యాషియరు లెక్క. సంచిలో పెట్టుకుని, నా పక్కకు వచ్చి, నేను చూస్తున్న వైపే తనూ చూస్తూ నిలబడ్డారు.

"గడువు ఎప్పటిదాకా ఉంది?"

"వచ్చే ఆగస్టు దాకా, మేడం."

"ఊఁ," అన్నారు. "పద."